బిడ్డకు వార్మర్ ఉంది, తల్లికి మంచమేదీ?

నెలలు నిండకుండా 1.4 కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలోకి (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం), ఒంటికి వెచ్చదనమిచ్చే వార్మర్ కిందికి వెళ్తే, తల్లి కాన్పుల వార్డులో ఉంటుంది. జననీ శిశు సురక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఆమెకు ఉచిత భోజనం మామూలు కాన్పయితే 3 రోజులు, సిజేరియన్ అయితే 7 రోజులు. బిడ్డ మాత్రం ఇంకో రెండు మూడు వారాలు లోపలే ఉండాలి. ఎనిమిదో రోజు నుంచి ఆ బాలింత ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి? గోదావరి మధ్య లంక ఊరి మనిషయితే పూటపూటకీ రేవు దాటి వచ్చి పాలిచ్చి వెళ్లలేదు కదా.

ఇది సౌకర్యానికి సంబంధించిన గొడవ కాదు, ప్రాణానికి సంబంధించినది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి గుండెలకు కట్టి ఉంచితే 28 రోజుల్లోపు మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అందులో కొత్త మందు లేదు. తల్లి మంచం ఇంటెన్సివ్ కేర్ లోపలికి వచ్చింది, అంతే. పుట్టిన వెంటనే ఇలా కట్టాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చుకుంది కూడా.

ఆ అధ్యయనంలో బిడ్డ రోజుకు 17 గంటల దాకా గుండెల మీదే ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో, పచ్చి కుట్లతో, 17 గంటలు ఎవరు కూర్చోగలరు? తలవైపు పైకి లేచే మంచం కావాలి. బిడ్డకు టోపీ, సాక్సులు, డైపర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. కప్పపిల్లలా కాళ్లు ముడిచి, మెడ ముందుకు వాలకుండా తల ఒక పక్కకు తిప్పి కట్టాలి. మెడ వాలితే ఊపిరి ఆడదు. కట్టడానికి మెత్తటి నూలు గుడ్డ చాలు.

అసలు చిక్కు మరొకటి. తల్లి కేసు షీటు గైనిక్‌ది, బిడ్డది పిల్లల విభాగానిది. ఒకే గదిలో ఉన్నా తల్లి బీపీ చూసేదెవరు, కుట్లు చూసేదెవరు? ఈ ఇద్దరినీ ఒకే నర్సు చూసేలా డ్యూటీ వేయకపోతే, తల్లికి జ్వరమొచ్చినా గమనించేవారుండరు.

పాల లెక్క కూడా చూడాలి. 1.4 కిలోల బిడ్డకు మొదట రోజుకు కిలోకు 80 మిల్లీలీటర్లు, అంటే 112. రెండు గంటలకోసారి పడితే పూటకు 9 మిల్లీలీటర్లు. మెల్లగా పెంచుతూ కిలోకు 160కి వస్తే పూటకు 19. ముందు ట్యూబుతో, తర్వాత మన ఉగ్గుగిన్నెతో, 34 వారాలు దాటాక రొమ్ముకు. తల్లి మూడు గంటలకోసారి, రాత్రి రెండింటికి కూడా, పాలు పిండకపోతే పాలు పడవు. అందుకని తలుపున్న చిన్న గది, మరిగించిన గిన్నెలు, పేరూ వేళా రాసిన సీసాలు, ఫ్రిజ్. మన ఉక్కలో పాలు బయట నిలవ పెట్టడం నమ్మదగ్గ పని కాదు.

ఏసీ 20లో పెట్టేది సిబ్బందికి చెమట పట్టకుండా. బిడ్డకు గది 26 నుంచి 28 డిగ్రీలుండాలి. తీర మండలాల్లో బోరునీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాదు, చేతులు మొక్కుబడిగా కడిగేస్తారు. చేతులకు మంచినీళ్ల ట్యాంకు వేరే ఉండాలి. జనరేటరు నేల మీద పెడితే వరదకు మొదట మునిగేది అదే.

బాలింతకు తోడుగా అమ్మో అత్తో వస్తుంది. ఆమెకూ చాప వేసుకునే చోటు కావాలి. పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తే బాలింతే నీరసపడుతుందని ఆ పెద్దావిడకే ముందు చెప్పాలి. సాంబ్రాణి పొగ ఆక్సిజన్ ఉన్న గదిలో కుదరదని కూడా.

డిశ్చార్జికి బరువు వరుసగా మూడు రోజులు పెరిగితే చాలదు. జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం కూడా చూడాలి. 11.75 అడుగులు మొదటి వరద హెచ్చరిక, 17.75 మూడోది. లంకకు దారైన కనకాయలంక కాజ్‌వే మునిగిన రోజున బిడ్డను ఇంటికి పంపకుండా ఇంకో నాలుగు రోజులు ఉంచుకోవాలంటే, ఆ నాలుగు రోజులకూ తల్లికి మంచమూ భోజనమూ ఉండాలి.