పావుకిలో నిప్పట్లు, ఒక ప్రగతి నివేదిక

తిరుపతిలో ఒక అంగట్లో పావుకిలో నిప్పట్లు అడిగితే, ఒక ఎంపీగారి ప్రగతి నివేదికలో పొట్లం కట్టి ఇచ్చారు. నాకు మొదట కోపం వచ్చింది నూనె గురించి. మామూలు దినపత్రికైతే నూనె పీల్చుకుంటుంది. ఇది మందపాటి ఆర్ట్ పేపరు, తళతళలాడుతోంది, చుక్క కూడా లోపలికి పోనివ్వదు. జనం చెప్పేది ఏదీ లోపలికి పోనివ్వని పదవి గురించి అచ్చు వేయడానికి ఇంతకన్నా తగిన కాగితం దొరకదు. ఎంచినవారికి నమస్కారం.

నాకు దక్కింది ఏడో పేజీ. దానిమీద పేరు లేదు, పార్టీ గుర్తు లేదు. అందుకని ఏ ఎంపీ అని నన్ను అడక్కండి. ఈ జిల్లావారో పక్క రాష్ట్రం నుంచి పాత కాగితాల్లో కొట్టుకొచ్చినవారో కూడా తెలీదు. ఫోటోలు మాత్రం తొమ్మిది. తొమ్మిదింట్లోనూ ఆయన ఎవరో ఒక కేంద్రమంత్రికి వినతిపత్రం ఇస్తూ ఉన్నారు, ముఖాలు ఫ్లాష్ పడి గుర్తుపట్టలేనట్టు ఉన్నాయి. ఆరింట్లో శాలువా కూడా ఉంది. చట్టాలు చేసే సభలో కూర్చునే మనిషికీ, సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ పట్టుకుని నిలబడే మనిషికీ తేడా ఒక్క శాలువాయేనని ఆ పేజీ చూశాకే నాకు తెలిసింది.

మిగతా పేజీల మీద ఆశ పుట్టింది. మర్నాడు ఇంకో పావుకిలో కొన్నాను. మూడో పేజీ వచ్చింది: ఎంపీ నిధులు. ఏడాదికి 5 కోట్లు, మధ్యలో కోవిడ్ కాలం తప్ప 2011 నుంచీ అంతే. మా ఎంపీ స్థానం కింద ఉన్న ఏడు అసెంబ్లీ స్థానాలకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. ఆ డబ్బుతో బస్ షెల్టర్, హైమాస్ట్ దీపం, కమ్యూనిటీ హాలు, ప్రహరీ గోడ, మళ్ళీ ఇంకో బస్ షెల్టర్. గోడలూ దీపాలూ చూసుకోవడానికి మున్సిపాలిటీ ఉంది కదా, ఢిల్లీ దాకా పంపింది ఇందుకా అంటే, నీకు అభివృద్ధి ఇష్టం లేదా అని అడుగుతారు. ఇష్టమే సామీ. శ్రీకాళహస్తి దగ్గర మన్నవరంలో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీకి 2010 సెప్టెంబరులో సాక్షాత్తూ ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన రోజు కూడా నాకు ఇష్టంగానే ఉండింది. ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పి ఇన్నేళ్ళలో ఎన్ని శాలువాలు ఖర్చయ్యాయో లెక్క కట్టే ఓపిక మాత్రం లేదు.

మూడో రోజు వెనక అట్ట దొరికింది. ‘నన్ను గెలిపించిన ప్రతి ఒక్కరికీ పాదాభివందనం’ అని ఉంది. గెలవడానికి డబ్బు పెట్టినవాళ్ళ పేర్లు ఉంటాయేమో, వాళ్ళకేం వందనం పెట్టారో చూద్దామని తిరగేశాను. ఖాళీ.

ఖర్చు లెక్క చట్టంలో చక్కగా ఉంది. మా రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. తిరుపతి స్థానంలో ఓటర్లు 17 లక్షలు దాటారు. అంటే మనిషికి అయిదున్నర రూపాయలు, బస్టాండు దగ్గర అర టీ. ఆ అర టీతోనే సర్వేపల్లి నుంచి సత్యవేడు దాకా జెండాలు, జీపులు, డప్పులు, బిర్యానీలు అన్నీ సర్దుకుని, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగిస్తారు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. అల్లుడు ఉపవాసం ఉన్నాడు, అత్తగారు వడ్డిస్తూ ఉంది, అంతే.

మా వైపు పెళ్ళిలో చదివింపులు ఎట్లా ఉంటాయో మీకు చెప్పాలా? మండపం గడప దగ్గర ఒక బల్ల, మొదటి పేజీకి పసుపు రాసిన నోటుబుక్కు, చెవిసందున పెన్ను పెట్టుకున్న మేనమామ, గరగరమనే మైకు. ‘పాకాల చిన్నత్త నూటపదహార్లు! పీలేరు పెదనాన్న అయిదునూట పదహార్లు! పుత్తూరు వియ్యపురాలు స్టీలు బిందె, పేరు చెక్కించింది!’ ఇరవై ఏళ్ళయినా ఆ బుక్కు బీరువాలోనే ఉంటుంది. వాళ్ళింట్లో పెళ్ళికి పోయేముందు తీసి చూసుకుని, దానికి తగ్గకుండా పెడతాం. ఎవరికి ఎంత బాకీ ఉన్నామో ఊరంతా తెలుసు.

ఎన్నికల పెళ్ళిలో 2018 నుంచి 2024 దాకా మైకు తీసేశారు. ఎన్నికల బాండ్లు అన్నారు, పార్టీలకు చందా ఇచ్చే కాగితాలు. వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా స్టేట్ బ్యాంకులో అమ్మారు. కొన్నవారెవరో బ్యాంకుకు తెలుసు, మనకు తెలియనక్కర్లేదు. కంపెనీ లాభాల్లో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న పాత హద్దు కూడా 2017లోనే చెరిపేశారు. మా మేనమామ ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఎట్లా చదివేవాడో చూడండి. ‘ఒకరు... ఎవరని అడక్కూడదు... ఒక కోటి! చప్పట్లు కొట్టొద్దండీ, ఎవరివైపు చూసి కొడుతున్నారో తెలిసిపోతుంది! నష్టాల్లో ఉన్న ఒక కంపెనీ, పాపం, జీతాలివ్వడానికి లేదు, పది లక్షలు! ఒక అజ్ఞాత బంధువు, మొన్ననే పుట్టాడు, ఇంకో కోటి! అక్షింతలు వేసేవాళ్ళు ముఖం కప్పుకుని రండి!’ నూటపదహార్లు ఇచ్చిన చిన్నత్త మాత్రం ఊరుకోదు. ‘ఒరే అబ్బోడా, నాకు తాంబూలం పెడితివి, పంపిస్తివి. ఆ కోటి ఇచ్చినాయనకు మళ్ళీ ఏం పెడతార్రా?’ మేనమామ మైకు నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంటాడు. భోజనాలకు లేవండి, లేవండి అంటాడు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లు రాజ్యాంగవిరుద్ధమని చెప్పి, ఆ నోటుబుక్కు బయటపెట్టమంది. అప్పటికి ఆరేళ్ళ విందు అరిగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో, దర్శనం టోకెన్ లేనివాళ్ళకు రెండు లడ్డూలు ఇవ్వాలంటే ఆధార్ చూపించాలని తిరుమలలో నియమం పెట్టారు. దళారులు తగ్గాలి కదా, మంచిదే, నేనూ చూపించి తెచ్చుకున్నాను.

నాలుగో రోజు పదకొండో పేజీ వచ్చింది. సభలో హాజరు ఎంత శాతమో ఎర్ర అక్షరాల్లో అచ్చయింది. అడిగిన ప్రశ్నల సంఖ్య, మాట్లాడిన నిమిషాలు. బడిపిల్లోడి ప్రోగ్రెస్ కార్డు లాగే ఉంది, మార్కులు తప్ప. ఏ బిల్లుకు అవునన్నారు, దేనికి కాదన్నారు అన్నది ఎక్కడా లేదు. అయిదో రోజు, ఆరో రోజు కూడా కొన్నాను. ఇంట్లో ఆమె నా వైపు చూసే చూపు మారింది.

మా వీధిలో ఒక రిటైర్డు తహసీల్దారు ఉన్నారు, ఆయన విడమరిచి చెప్పారు. ‘అది ఏ పేజీలోనూ ఉండదయ్యా. మూజువాణి ఓటు. అనుకూలమైనవాళ్ళు అవుననండి అంటారు సభాపతి, వాళ్ళు అరుస్తారు. వ్యతిరేకమైనవాళ్ళు కాదనండి అంటారు, అరుస్తారు. అవునన్నవారిదే నెగ్గిందని సభాపతి చెప్తారు. అయిపోయింది. ఓట్లు లెక్కపెట్టమని డివిజన్ అడిగి బటన్ నొక్కితే తప్ప ఎవరి పేరూ పడదు. పడినా ఏముందిలే, పార్టీ విప్, అంటే ఇట్లా ఓటెయ్యాలన్న ఆజ్ఞ, జారీ చేస్తే దాటలేరు, 1985 నుంచీ అదే చట్టం, దాటితే సీటు పోతుంది.’ విప్ అంటే కొరడా. తెలుగులో అంటే మర్యాదగా ఉండదని అట్లే ఉంచుకున్నాం.

మా వేలికి మాత్రం సిరా. వారాలపాటు సబ్బుకు పోదు, అన్నం కలుపుకుంటుంటే కనిపిస్తా ఉంటుంది.

2014 ఫిబ్రవరి 18. ఆరోజు ఈ ఊళ్ళో టీవీ ఉన్న ప్రతి అంగడి ముందూ జనం. లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, సాంకేతిక లోపమన్నారు. తలుపులు మూశారు. మూజువాణి ఓటు. విడిపోవడం న్యాయమా కాదా అని ఇప్పుడు నేను వాదించబోవడం లేదు, విడిపోవాలనుకున్నవాళ్ళకూ ఇది జరగకూడదు. కోట్లమంది బతుకులు రెండుగా కోస్తుంటే, ఎవరు చెయ్యెత్తారో ఎవరు నోరు మూసుకున్నారో ఒక్క పేరు రాసుకోరా? నూటపదహార్లకు బుక్కు పెట్టుకునే జాతిమి మేము. మమ్మల్ని చీకట్లో కూర్చోబెట్టి అరుపులు లెక్కపెట్టారు. సిగ్గుండాలి. ఆ సభలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ, ఏ పార్టీ అయినా సరే, సిగ్గుండాలి.

చిత్తూరు ఎంపీ శివప్రసాద్ పార్లమెంటు ముందు నిరసనగా వేషాలు వేస్తే ఢిల్లీ చానళ్ళు వినోదంలా చూపించాయి. నారదుడు, చీర కట్టిన ఆడమనిషి, ఒకసారి హిట్లర్ కూడా. నేనూ నవ్వాను. ఆయన 2019లో పోయారు. పాలెగాణ్ణి పట్టుకోవడానికి గ్రామదేవత గంగమ్మ రోజుకో వేషం కట్టి తిరిగిన ఊరు మాది, జాతరలో ఇప్పటికీ వేషం కట్టినవాడు ఎవరినైనా నోరారా తిట్టొచ్చు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ సభలో ఒక మనిషి ఏ వైపు నిలబడ్డాడో మాకు కంటికి కనిపించింది ఆ వేషాల్లోనేనని.

ఏడో రోజు మళ్ళీ అంగడికి పోయాను. పొట్లం కట్టబోతుంటే, పదమూడో పేజీ ఉంటే చూడమ్మా అన్నాను.

‘ఆ బుక్కు అయిపోయిండాది సామీ,’ అందామె. ‘ఇంగ వేరే ఆయనది కట్టలు కట్టలు వొచ్చిండాది. దాంట్లో కట్టేదా?’

శాలువా రంగు మాత్రం మారింది.