ఊదా కప్ప మన పొలాల్లో లేదు, దానికి బంధువులు లేకపోలేదు

తొలకరి పడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్లీ చక్కర్లు కొడుతుంది. తడి మట్టిలోంచి బయటికొచ్చిన లావుపాటి కప్ప ఫొటో, దాని కింద ఈ రాత: "డైనోసార్ల కాలం నుంచి ఏ మార్పూ లేకుండా బతుకుతున్న ఊదా కప్ప. 2003 వరకు ఎవరి కంటా పడలేదు. ఏ కప్పల కుటుంబానికీ చెందదు, ప్రపంచంలో దీనికి బంధువులే లేవు. ఏడాదికి ఒక్కరోజే బయటికొస్తుంది. భూమ్మీద ఉన్నది ఈ ఒక్క జాతే. ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించింది!"

పిల్లలకు సైన్స్ చెప్పేవాళ్లు కూడా దీన్ని నమ్మి పంపిస్తున్నారు. ప్రతి వాక్యంలోనూ కాస్త నిజం ఉండటమే ఇక్కడ వచ్చిన చిక్కు. పూర్తి అబద్ధాన్ని కొట్టిపారేయొచ్చు. ఇలాంటి దాన్ని మాత్రం ఒక్కో మాటా విడదీసి చూడాల్సిందే.

ముందు ఫొటో సంగతి. ఆ కప్ప వీపు మీద ముదురు రంగు మచ్చలు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి. మూతి పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. ఇది యుపెరోడాన్ ప్రజాతికి చెందిన బెలూన్ కప్ప. బెదిరిస్తే ఒళ్లంతా ఉబ్బించుకుంటుంది కాబట్టి ఆ పేరు. ఆంధ్ర, తెలంగాణల్లో వానాకాలం పొలం గట్ల మీద, కొత్తగా నీళ్లు చేరిన గుంటల పక్కన కనిపించేది ఇదే. అసలు ఊదా కప్ప, శాస్త్రీయ నామంలో నాసికాబాట్రాకస్, ఇలా ఉండదు. సుమారు 7 సెంటీమీటర్ల ఉబ్బెత్తు శరీరం, దానికి ఏమాత్రం పొంతన లేని చిన్న తల, ఆ తల చివర పాలిపోయిన రంగులో పొడుచుకొచ్చిన ముక్కు. చర్మం నున్నగా, బూడిద కలిసిన ఊదా రంగులో ఉంటుంది. వీపు మీద మచ్చల అల్లిక కనిపించదు. ఇప్పటిదాకా నమోదైన ఊదా కప్పలన్నీ పశ్చిమ కనుమల దక్షిణ భాగంలోనివే.

రెంటినీ కలిపేసుకోవడానికి కారణం లేకపోలేదు. రెండూ వెనక కాళ్లతో మట్టిని తోసుకుంటూ వెనక్కి వెనక్కి భూమిలోకి దిగిపోతాయి. రెండూ చెదపురుగులు తింటాయి. ఏడాదిలో ఎక్కువ కాలం రెండూ మట్టి కిందే గడుపుతాయి. ఒకే రకం బతుకు బతకడం వల్ల ఒళ్లు ఒకేలా గుండ్రంగా తయారైంది తప్ప, వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. ఆ తేడా పెద్ద కప్పల కంటే వాటి తోకకప్పల్లో, అదే టాడ్‌పోల్స్‌లో, బాగా బయటపడుతుంది. బెలూన్ కప్ప టాడ్‌పోల్ నిలవ నీళ్లలో పెరుగుతుంది. దాని నోట్లో గట్టి దవడలు గానీ, పళ్ల వరసలు గానీ ఉండవు. నీటిలో తేలే సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది. ఊదా కప్ప టాడ్‌పోల్ మాత్రం కొండవాగుల్లో, జోరుగా జారే నీటి కింద బతుకుతుంది. దాని నోరు రాతిని పట్టుకునే చూషకంలా ఉంటుంది. ఆ నోటితో తడి బండకు అతుక్కుని, దానిమీది నాచును గీక్కుంటూ మూడు నాలుగు నెలలు గడుపుతుంది. వర్గీకరణ చేసేవాళ్లు ఇలాంటి నోటి నిర్మాణానికి అంత విలువ ఎందుకిస్తారో ఈ రెండు టాడ్‌పోల్స్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక "2003 వరకు ఎవరి కంటా పడలేదు" అన్న మాట. ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసూట్ అనే శాస్త్రవేత్తలు కలిసి ఈ కప్పకు శాస్త్రీయ నామం పెట్టి, నేచర్ పత్రికలో ప్రకటించింది 2003 అక్టోబరులో. ఆ నమూనా దొరికింది కేరళలోని ఇడుక్కి జిల్లా కట్టప్పన ప్రాంతంలో. ఇంతవరకు నిజమే. కానీ దీని టాడ్‌పోల్స్ గురించి అంతకు ఎనభై ఏళ్లకు పైగా ముందే, 1910ల చివర్లో, నెల్సన్ అన్నండేల్, సి.ఆర్. నారాయణరావు రాసిపెట్టారు. అన్నండేల్ అంటే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టర్. నారాయణరావు బెంగళూరు సెంట్రల్ కాలేజీలో ప్రొఫెసర్. చూషకం లాంటి నోరున్న ఆ పిల్లలను వాళ్లు చూశారు, వర్ణించారు. అవి పెరిగి ఏ కప్ప అవుతాయో మాత్రం అప్పటికి తేలలేదు. ఇడుక్కి కొండల్లోని ఆదివాసీ కుటుంబాలకైతే ఈ టాడ్‌పోల్స్ వానాకాలపు తిండి. బండల మీంచి ఏరుకొచ్చి వండుకునే జీవిని "ఎవరి కంటా పడలేదు" అనడం ఆ మనుషులను లెక్కలోంచి తీసేయడమే. ఈ ఒక్క వాక్యమే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. 2003లో జరిగింది పేరు పెట్టడం, కుటుంబవృక్షంలో చోటు చూపించడం. అది చాలా గొప్ప పని. దాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పినా గొప్పగానే ఉంటుంది.

ఆ చోటు దగ్గరే ఫార్వర్డ్ ఘోరంగా తప్పింది. "ఏ కుటుంబానికీ చెందదు" అన్నది నిజం కాదు. అప్పటికి తెలిసిన కుటుంబాల్లో దేనిలోనూ ఇమడలేదు కాబట్టి దీనికోసం నాసికాబాట్రాకిడే అనే కొత్త కుటుంబాన్నే ఏర్పాటు చేశారు. "బంధువులే లేవు" అన్నది మరీ తప్పు. 2003 నాటి పరిశోధనలో బయటపడిన అసలు విశేషం దాని బంధువులు ఎవరన్నదే! సుమారు 2,800 డీఎన్ఏ అక్షరాలను మిగతా కప్పల వాటితో పోల్చి చూస్తే, దీనికి అందరికంటే దగ్గరి చుట్టాలు హిందూ మహాసముద్రంలో, సీషెల్స్ గ్రానైట్ దీవుల్లో తేలాయి. అక్కడి సూగ్లాసిడే కుటుంబంలో ఉన్నవి నాలుగే జాతులు, అన్నీ చిన్నవే. వాటిలో గార్డినర్ కప్ప పెరిగి పెద్దదయ్యాక కూడా సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చూపులకు ఊదా కప్పకూ దానికీ సంబంధమే కనిపించదు. ఒకే ముత్తాత సంతానం రెండు ఊళ్లలో స్థిరపడి, కొన్ని తరాలకు ముఖాలు కూడా కలవకుండా పోయినట్టు ఉంటుంది వీటి వ్యవహారం.

ఉప్పునీళ్లను కప్పలు తట్టుకోలేవు. మరి మధ్యలో ఇంత సముద్రం ఉండగా ఈ చుట్టరికం ఎలా కుదిరింది? ఒకప్పుడు ఇండియా, మడగాస్కర్, సీషెల్స్ ఒకే భూఖండంలో భాగాలు. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ విడిపోయింది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట సీషెల్స్ విడిపోయింది. ఇక్కడ ఇంకో చిన్న సవరణ కూడా అవసరం. సీషెల్స్ విడిపోయిన రోజునే ఈ రెండు కప్పల శాఖలూ విడిపోయాయని కొందరు రాస్తుంటారు. డీఎన్ఏ లెక్కల ప్రకారం ఈ శాఖలు వేరుపడి పది కోట్ల ఏళ్లు దాటింది. అంటే నేల ఇంకా కలిసి ఉన్నప్పుడే వీటి దారులు వేరయ్యాయి. సముద్రం వచ్చింది ఆ తర్వాతే.

"డైనోసార్ల కాలం నుంచి మారని జీవి" అనే మాట ఈ అంకెలోంచే పుట్టింది. పాతది ఈ శాఖ. అంతమాత్రాన ఇప్పుడున్న జాతి కూడా అంత పాతదని కాదు. పది కోట్ల ఏళ్లన్నది డీఎన్ఏ తేడాల నుంచి కట్టిన లెక్కే గానీ, డైనోసార్ ఎముకల పక్కన ఇదే కప్ప దొరికి చెప్పిన లెక్క కాదు. పైగా అన్నేళ్లూ మారకుండా ఉందనడానికి దీని ఒళ్లే ఒప్పుకోదు. మట్టి కింది చెదల కోసం తయారైన సన్నని మూతి, ప్రవాహంలో బండను పట్టుకునే టాడ్‌పోల్ నోరు, ఇవన్నీ ఒక ప్రత్యేకమైన బతుకుకు ఒళ్లు మార్చుకున్నందుకు గుర్తులు. సీషెల్స్ చుట్టాలు ఇంకోలా మారాయి. రెండు శాఖలకూ వయసు ఒకటే కాబట్టి, ఒకదాన్ని మాత్రమే "ఆదిమ జీవి" అనడంలో అర్థం లేదు.

ఏడాదికి ఒక్కరోజు అన్నది కాస్త పెంచి చెప్పిన నిజం. నైరుతి వానలకు ముందు పడే జల్లులతో ఇవి జతకట్టడానికి పైకొస్తాయి. ఆ సందడి కొద్ది రోజులే. మగ కప్పలు అంతకుముందే మట్టి కింద నుంచి పిలుస్తుంటాయి. పాతాళం నుంచి ఏడాదికోసారి వచ్చే బలి చక్రవర్తి పేరుతో కేరళలో దీన్ని మావేలి కప్ప అని కూడా పిలుస్తారు. బహుశా "ఒక్కరోజు" అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

మిగిలింది "ఈ ఒక్క జాతే" అన్న మాట. ఇది 2017 వరకు చెల్లింది. ఆ ఏడాది తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు బూడిద రంగు పెద్ద ఉడుతల అభయారణ్యం నుంచి రెండో జాతిని వర్ణించారు. పేరు నాసికాబాట్రాకస్ భూపతి. 2014లో అగస్త్యమలై కొండల్లో పనిచేస్తూ చనిపోయిన సరీసృపాల శాస్త్రవేత్త సుబ్రమణ్యం భూపతి జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు. ఫార్వర్డ్ చెప్పినట్టు మన పొలాల్లో లేకపోయినా, అసలు ఊదా కప్పకు తెలుగు నేలతో ఒక సంబంధం నిజంగానే ఉంది. ఈ రెండో జాతిని గుర్తించిన బృందంలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. డీఎన్ఏ తేడాతో పాటు పిలుపులో తేడా, కాలంలో తేడా కూడా వాళ్లు చూపించారు. కనుమల పడమటి వాలులో ఉండే మొదటి జాతి, 2003లో పేరు పెట్టిన నాసికాబాట్రాకస్ సహ్యాద్రెన్సిస్, నైరుతి కాలంలో గుడ్లు పెడుతుంది. తూర్పు వాలులో ఉండే భూపతి ఈశాన్య రుతుపవనాల కోసం ఆగుతుంది. రెంటినీ ఒకే జాతిగా లెక్కేసి మే, జూన్ నెలల్లో మాత్రమే వాగుల దగ్గర వెతికితే, తూర్పు వాలు కప్ప ఆ లెక్కలోకే రాదు.