న్యూయార్క్ మర్చంట్స్ హౌస్: ఇటుక గోడ చెప్పే సంగతులు

మన్‌హట్టన్‌లోని మర్చంట్స్ హౌస్ మ్యూజియం గురించి మీరు రాసిన వ్యాసంలో లోపలి ఫర్నిచర్‌కు దక్కిన చోటు ముందుగోడకు దక్కలేదనిపించింది. 1832లో కట్టిన ఆ ఇంటిని చూడటానికి వెళ్లినప్పుడు నేను లోపలికి అడుగుపెట్టే ముందు చాలాసేపు వీధిలోనే నిలబడిపోయాను. ప్రతి వరుసలోనూ ఒక ఇటుక పొడవాటి ముఖం, దాని పక్కనే మరో ఇటుక పొట్టి ముఖం వచ్చేలా పేర్చిన ఆ పద్ధతిని ఫ్లెమిష్ బాండ్ అంటారు. ఇటుక, కూలి ఎక్కువైనా యజమాని హోదాను చాటుకునేందుకు వీధి వైపు గోడకు దాన్ని ఎంచుకునేవారు.

గుమ్మం మీది అర్ధచంద్రాకారపు గాజు కిటికీ అమెరికా స్వాతంత్ర్యం వచ్చాక తొలి దశాబ్దాల్లో నడిచిన పాత ఫెడరల్ శైలిది. లోపలి జంట హాళ్ల మధ్య ఉన్న అయోనిక్ స్తంభాలు (తల దగ్గర చుట్టలు తిరిగినవి), గోడలోకి జరిగిపోయే మహోగని తలుపులు మాత్రం పురాతన గ్రీకు కట్టడాలను అనుకరిస్తూ అప్పుడప్పుడే వస్తున్న గ్రీక్ రివైవల్ శైలివి. ఒకే ఇంట్లో రెండు కాలాలు ఇంత స్పష్టంగా కనిపించడం అపురూపం.

1835లో ట్రెడ్‌వెల్ కుటుంబం కొన్న ఈ ఇంట్లోనే 1840లో పుట్టిన చిన్న కూతురు గెర్ట్రూడ్, 1933లో ఇక్కడే కన్నుమూశారు. మీరు రాసిన ఆ ఫర్నిచర్ చెక్కుచెదరకుండా మిగలడానికి, ఇల్లు అంతకాలం ఒకే కుటుంబం చేతిలో ఉండటమే కారణం.

మరమ్మతుల విషయం కూడా రాసి ఉండవలసింది. ఇంత పాత ఇటుకల సందుల్లో మెత్తని సున్నం బదులు గట్టి సిమెంటు నింపితే, తేమ బయటకు పోయే దారిలేక ఇటుక ముఖమే పెచ్చులుగా రాలిపోతుంది.