ఇనుము తూచి గ్యాస్ వదిలేస్తున్న యూరప్

పాత ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాన్ల సంగతి వస్తే చాలు, మనవాళ్లు యూరప్‌ను చూసి నేర్చుకోమంటారు. అక్కడ 2003 నుంచే చట్టం ఉంది. 2012లో దాన్ని తిరగరాశారు. గత మూడేళ్లలో మార్కెట్లోకి వచ్చిన సరుకు సగటు బరువులో 65 శాతాన్ని వెనక్కి సేకరించాలని 2019 నుంచి లక్ష్యం పెట్టారు. ఎక్కువ దేశాలు దాన్ని అందుకోలేకపోయాయి. సేకరణ పెంచాలని యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో చర్చలూ నడుస్తున్నాయి. సేకరణ రేపు 65 శాతం దాటినా వాతావరణానికి ఒరిగేది తక్కువేనని నేనంటాను. ఎందుకంటే కొలతే తప్పు.

సూపర్‌మార్కెట్లో పాలు, మాంసం, ఐస్‌క్రీమ్ పెట్టే పెద్ద ఫ్రీజర్లనే తీసుకోండి. ఒంటినిండా ఉక్కు, అద్దాలు, రాగి గొట్టాలు, అల్యూమినియం రెక్కలు. ఇలాంటి యంత్రాల బరువులో 80 శాతం మళ్లీ వాడకానికో రీసైక్లింగ్‌కో పోవాలని చట్టం చెబుతుంది. లోహాలు, అద్దం, కాస్త ప్లాస్టిక్ లెక్కేస్తే ఆ 80 శాతం పెద్ద కష్టం లేకుండానే వస్తుంది. లోపల చల్లదనం పుట్టించే గ్యాస్ బరువు మొత్తంలో ఎంతని? లెక్కలోకి రానంత. కీడంతా ఉన్నది మాత్రం అందులోనే. యూరప్ దుకాణాలు ఏళ్ల తరబడి వాడిన ఆర్-404ఏ గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే 3,922 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. సుమారు 1,700 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత. రీసైక్లింగ్ లెక్కల్లో దాని విలువ ఒక కిలో తుప్పు ఇనుముతో సమానం.

గ్యాస్ తీసేయాలన్న నిబంధన లేదా అంటే, ఉంది. పద్ధతిగా నడిచే ప్లాంటులో ముందు కంప్రెసర్‌కు రంధ్రం పెట్టి గ్యాస్‌నీ నూనెనీ కలిపి లాగుతారు. నూనెను వేడిచేసి, అందులో కరిగి ఉన్న గ్యాస్‌ను విడదీస్తారు. ఆ తర్వాత డొక్కును గాలి చొరబడని గదిలో ముక్కలు చేస్తారు, ఎందుకంటే గోడల్లోని ఫోమ్‌లోనూ గ్యాస్ ఉంటుంది. ఇటీవలి యంత్రాల ఫోమ్‌లో ఉండేది పెంటేన్ అనే మండే గ్యాస్. అది అంటుకుని పేలకుండా గదిని నైట్రోజన్‌తో నింపుతారు. ఇదంతా ఖర్చుతో కూడిన పని. ఖర్చు వద్దనుకున్నవాడు రాగి గొట్టం కత్తిరిస్తాడు. బుస్సుమని గ్యాస్ పోతుంది. కంప్రెసర్ విప్పి అమ్ముకుంటాడు, మిగతాది తుక్కు కొట్టుకు తోలుతాడు. 2012లో యూరప్‌లో పోగైన ఈ-వ్యర్థాల్లో అధికారిక వ్యవస్థకు చేరింది 35 శాతమేనని, యూరోపియన్ యూనియన్ నిధులతో సాగిన అధ్యయనమే 2015లో తేల్చింది. ఓడలెక్కి బయటి దేశాలకు పోయినదానికంటే యూరప్ లోపలే పక్కదారి పట్టినది కొన్ని రెట్లు ఎక్కువ. వాడిన ఫ్రిజ్‌లు మాకొద్దని ఘనా 2013లో నిషేధం అమల్లో పెట్టింది. యూరప్ పెరట్లోనే కోస్తున్న గొట్టాలను ఆపేదెవరు?

వ్యాపార యంత్రాల విషయంలో చట్టం ఇంకా మెత్తబడింది. ఇంటి ఫ్రిజ్ భారం తయారీ కంపెనీదే. దుకాణం ఫ్రీజర్‌కు వచ్చేసరికి ఖర్చు ఎవరు భరించాలో కంపెనీ, కొన్నవారు విడిగా ఒప్పందం చేసుకోవచ్చని ఆ ఈ-వ్యర్థాల చట్టంలోని 13వ అధికరణమే దారి ఇచ్చింది. 2005 ఆగస్టుకు ముందు అమ్మిన యంత్రమై, దాని స్థానంలో కొత్తది కొనకపోతే ఖర్చు వాడినవారి నెత్తినే. మూతపడిన హోటల్ యజమాని కొత్త ఫ్రీజర్ ఎందుకు కొంటాడు? ముందుగా వచ్చిన తుక్కు వ్యాపారికి అప్పగించి తాళం వేసుకుంటాడు.

విచిత్రమేమిటంటే, సరైన కొలత కూడా యూరప్ చేతిలోనే ఉంది. ఫ్లోరిన్ ఉన్న ఇలాంటి గ్యాస్‌ల మీద 2014లో తెచ్చిన ఎఫ్-గ్యాస్ చట్టం వీటిని కార్బన్ టన్నుల్లో, అంటే ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమో చూసి, లెక్కించి అమ్మకాలకు కోటాలు పెట్టింది, ఆ కోటాలను కోస్తూ వచ్చింది. 2017-18లో ఆర్-404ఏ ధర అమాంతం పెరిగింది. 2020 నుంచి పెద్ద యంత్రాల మరమ్మతుల్లో కొత్త గ్యాస్ నింపడం ఆపేశారు. పాత యంత్రాల నుంచి తీసి శుద్ధి చేసిన గ్యాస్‌ను మాత్రం 2030 దాకా వాడనిచ్చారు. దాంతో గాలికి వదిలేసే సరుకుకు గిరాకీ పుట్టింది. దొంగ దిగుమతులూ మొదలయ్యాయి, నిజమే. అయినా మెకానిక్ గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టుకోవడానికి ఒక కారణం దొరికింది. 2024లో వచ్చిన కొత్త చట్టం 2050 నాటికి హెచ్‌ఎఫ్‌సీలను (ఆర్-404ఏ లాంటి గ్యాస్‌లను) సున్నాకు తెస్తానంటోంది. ఇదే తర్కాన్ని రీసైక్లింగ్ లక్ష్యాలకు ఎందుకు వర్తింపజేయరు?

బరువైతే కాటా మీద పెట్టి తేల్చవచ్చు, గ్యాస్‌ను ఎవరు లెక్కపెడతారన్నది కంపెనీల వాదన. ఈ వాదనలో పస లేదు. యంత్రంలో ఎంత గ్యాస్ ఉందో దాని మీది ప్లేటే చెబుతుంది. 5 టన్నుల కార్బన్‌కు సమానమైన గ్యాస్ దాటితే లీకేజీ తనిఖీలు చేసి రికార్డు రాయాలని 2014 నాటి చట్టంలోనే నియమం ఉంది. నింపింది ఎంత, చివరికి వెనక్కి తీసింది ఎంత అని పోల్చితే చాలు, లక్ష్యం తయారు.

నాకు అసలు బెంగ మన గురించి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న మన ఈ-వ్యర్థాల నిబంధనలూ యూరప్ తరహా ఉత్పత్తిదారు బాధ్యత మీదే, అంటే పాతబడ్డ సరుకు భారం దాన్ని అమ్మిన కంపెనీదే అన్న సూత్రం మీదే నిలబడ్డాయి. ఆ బాధ్యత తీర్చుకోవడానికి కంపెనీలు రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొంటాయి; వాటిని లెక్కగట్టేది ఇనుము, రాగి, అల్యూమినియం, బంగారం తూకాన్ని బట్టి. ఎండలు ముదిరితే హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా ఏసీ మెకానిక్‌కు ఊపిరాడదు. పాత గ్యాస్ వదిలేసి కొత్తది నింపి ఇంకో ఇంటికి పరుగెడతాడు. అతన్ని తప్పుపట్టలేం. గ్యాస్ వెనక్కి లాగే మెషీన్ కొనే స్తోమత అతనికి లేదు. పట్టి తెచ్చినా తీసుకునే చోట్లు అరుదు, తీసుకున్నా దక్కేది లేదు. హెచ్‌ఎఫ్‌సీలను తగ్గించేందుకు దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందం కింద 2028 నుంచి మనం వాటి వాడకం పెరగకుండా ఆపాలి. ఆలోపే సర్టిఫికెట్ల లెక్కలోకి గ్యాస్‌ను కార్బన్ టన్నుల్లో చేర్చాలి. జిల్లాకొక సేకరణ కేంద్రం పెట్టి, ఐటీఐల్లో శిక్షణ ఇచ్చి, తెచ్చిన ప్రతి కిలోకూ మెకానిక్ చేతిలో డబ్బు పెట్టాలి. ఆ డబ్బు ఇవ్వాల్సింది ఫ్రీజర్లు, ఏసీలు అమ్మిన కంపెనీలు.