కరువు రాకముందే డబ్బులా?

కరువు తరుముకొచ్చేలోపే జనం చేతిలో డబ్బు పెట్టాలని కొందరు పెద్దలు అంటున్నారు. ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన ఈమధ్య నేను వినలేదు.

తుఫానంటే సరే, రెండు రోజుల్లో మీద పడుతుంది. కరువు అలా కాదు, మర్యాద తెలిసింది. జూన్‌లో కబురు పెడుతుంది. జూలైలో వేసిన శెనక్కాయ మొలవకపోతే ఇంకోసారి చెబుతుంది. ఆగస్టులో బోరు గాలి కక్కుతుంది. ఇన్నిసార్లు చెప్పి వస్తోంది కదా అని ఎదురెళ్తే మన పద్ధతి ఏం కావాలి?

పద్ధతి అంటే కరువును ఎలా ప్రకటించాలో చెప్పే 2016 నాటి కేంద్రం కరువు మాన్యువల్. ముందు వాన లెక్క తీయాలి. తర్వాత సాగు విస్తీర్ణం, నేలలో తేమ, ఉపగ్రహానికి కనిపించే పచ్చదనం చూడాలి. ఆపైన 10 శాతం ఊళ్ళలో చేలోకి దిగి రుజువు చేసుకోవాలి. ఖరీఫ్ కరువుకు అక్టోబరు చివరిదాకా గడువుంది, తొందరేం లేదు. ఆనక ఢిల్లీకి నివేదిక, ఢిల్లీ నుంచి బృందం. వాళ్ళు అనంతపురం చేరేసరికి ఎండిన చేను ఎద్దులు మేసేసి ఉంటాయి. ఎద్దులు సంతకి పోయి ఉంటాయి. ఎద్దులమ్మినాయన కదిరిలో బెంగళూరు బస్సెక్కి ఉంటాడు. అడ్డం ఎవరూ ఉండరు, ప్రశాంతంగా ఫొటోలు తీసుకోవచ్చు.

మూడో వంతు పంట పోయిందని తేలితే, 2022 నాటి కేంద్రం లెక్క ప్రకారం మెట్టకి హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఇదే డబ్బు జూలైలో ఇస్తే? మేత కొని ఎద్దుల్ని నిలుపుకుంటాడు, అప్పు చెయ్యకుండా ఉలవలు చల్లుకుంటాడు. తీరా వాన పడితే? ఆ డబ్బుతో పిల్లలకి అన్నం పెట్టేస్తే, వసూలు చేసేదెవరండీ?

కెన్యా వాళ్ళకి ఈ ముందుచూపు లేదు. తుర్కానా లాంటి ఎండు ప్రాంతాల్లో పచ్చదనం బాగా తగ్గిందని ఉపగ్రహం చెబితే చాలు, మామూలుగా సాయం అందని ఇళ్ళకి కూడా ఖాతాలో డబ్బు వేసేస్తారు. చచ్చిన మేక ఫొటో అడగాలన్న ఇంగితం కూడా లేదు.

తెలంగాణ కూడా 2018లో కాస్త తొందరపడింది. రైతుబంధు అని ఎకరాకు 4,000 విత్తుకి ముందే ఇచ్చేసింది. అదృష్టం కొద్దీ పట్టా పుస్తకం అడ్డుండబట్టి కౌలు రైతుకి చేరలేదు.

మా పక్కచేను మామ నిన్న అడిగాడు, కరువు మండలాల జాబితా ఎప్పుడొస్తుందిరా అని. అక్టోబరులో మామా అన్నాను.

"అయితే బృందం వచ్చినప్పుడు నా చేను కూడా నువ్వే చూపించు" అన్నాడు, ఇంటికి తాళం వేస్తూ.