కాకులకూ నా గొప్పతనానికీ ఏమిటి సంబంధం?

వాదోపవాదాల్లో పోలికల వాడకంపై తక్షణం ఆంక్షలు విధించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. ఆ అధికారులెవరో తేలాక ఈ వ్యాసం ప్రతిని వారికి పంపుతాను.

ఫిర్యాదు ఇదీ. "గొప్పవాళ్లందరూ విమర్శలకు గురయ్యారు. నేనూ గురవుతున్నాను. కాబట్టి నేను గొప్పవాణ్ని" అన్నాను. తర్క పరీక్షలకు చదువుతున్న కుర్రవాడొకడు నా గొప్పతనం జోలికైనా రాకుండా, "కాకులన్నీ నల్లనివి. బొగ్గూ నల్లనిదే. కాబట్టి బొగ్గు కాకి" అన్నాడు. రెండు వాదాల అల్లిక ఒకటేనట. అల్లిక గట్టిదైతే నిజాల్లోంచి అబద్ధం పుట్టదట. మహనీయుల చర్చలోకి బొగ్గును లాక్కొచ్చినందుకు అతన్ని ఒక్కరూ మందలించలేదు.

మందలించడం అటుంచి, ఇలాంటి వాళ్లకు మార్కులు వేస్తున్నారు. అమెరికాలో న్యాయవిద్య ప్రవేశానికి రాసే ఎల్‌శాట్‌లో ఒక వాదం ఇచ్చి, అదే లోపమున్న మరో వాదాన్ని ఐదింటిలోంచి ఏరమంటారు. ప్రశ్న వైద్యుల గురించైతే మర్యాదస్తుడెవరైనా వైద్యులున్న జవాబే ఎంచుకుంటాడు. చాలాసార్లు అదే ఉచ్చు. సరైన జవాబు ఏ చేపల గురించో ఉంటుంది. 2024 ఆగస్టులో ఆ పరీక్షలోంచి లాజిక్ గేమ్స్ అనే తర్కపు పజిళ్ల విభాగాన్ని ఎత్తేశారని తెలిసి సంతోషించాను. దాని స్థానంలో, ఇలాంటి వాదాల ప్రశ్నలే ఉండే లాజికల్ రీజనింగ్ విభాగం మరొకటి పెట్టారని ఆ తర్వాత తెలిసింది.

పోలికను తిప్పికొట్టాలంటే వాదానికి పనికొచ్చే తేడా చూపాలని తర్కం తెలిసినవాళ్లు అంటారు. చూపాను: బొగ్గు మండుతుంది, నేను మండను. (ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం ఎలా ఉందన్నది ఇక్కడ అప్రస్తుతం.)

శాస్త్రాధారం కోసం మన ప్రాచీన తర్కగ్రంథం న్యాయసూత్రాలు తిరగేశాను. పైపై పోలికలతో చేసే డొల్ల ఆక్షేపణలకు 'జాతులు' అని పేరు పెట్టి, 24 రకాలు లెక్కగట్టారు. ఆశ చిగురించింది. తీరా చూస్తే, హేతువు (చూపే కారణం) ఉన్నచోటల్లా సాధ్యం (రుజువు చేయాల్సిన సంగతి) కూడా ఉంటుందని చూపాలట. విమర్శ ఉన్నచోటల్లా గొప్పతనం ఉంటుందని చూపే బాధ్యత నా మీదే పడింది. పుస్తకం మూసేశాను.

చివరికి నాకు తోడు దొరికింది 11వ శతాబ్దంలో. దేవుణ్ని మించినది ఊహకైనా అందదు కాబట్టి ఆయన ఉండితీరాలని క్రైస్తవ తత్వవేత్త ఆన్సెల్మ్ నిరూపించాడు. గౌనిలో అనే సన్యాసి, ఆ లెక్కన అన్నిటినీ మించిన దీవి కూడా ఏ సముద్రంలోనో ఉండితీరాలి కదా అన్నాడు. తన వాదం దేవుడికి తప్ప మరి దేనికీ వర్తించదని ఆన్సెల్మ్ బదులిచ్చాడు. నేనూ సరిగ్గా అదే అంటున్నాను: నా వాదం నాకు తప్ప మరెవరికీ వర్తించదు.