క్రొమటోగ్రఫీ కాలమ్ గారికి, బఫర్లు కలిపేవాడి విన్నపం

మహారాజశ్రీ కాలమ్ గారికి,

ఉభయ కుశలోపరి. తమరి గొట్టంలో నిన్న కొత్త రెజిన్, అంటే వైరస్ అంటుకునే సన్నటి పూసలు, నింపారని తెలిసి సంతోషించాను. బిల్లు చూసిన మేనేజర్ గారు మాత్రం ఇంకా తేరుకోలేదు.

వ్యాక్సిన్ కోసం వైరస్‌ను పెంచడం ఒక ఎత్తు. కణాల చెత్త, డీఎన్ఏ ముక్కల మధ్య నుంచి దాన్ని ఏరడం ఇంకో ఎత్తు. ఆ రెండో ఎత్తు మీద తమరు పీట వేసుకుని కూర్చున్నారు.

ఏం దినచర్య అండీ తమరిది! పనిలోకి దిగే ముందు బఫర్‌తో, అంటే ఆమ్లగుణం మారకుండా చూసే ద్రావణంతో, స్నానం. వైరస్ సరుకు పూసలకు అంటుకున్నాక ఇంకో కడుగుడు. దాన్ని వదలమని బతిమాలడానికి వేరే బఫర్. మొండిగా అంటుకున్నదానికి గాఢమైన ఉప్పునీళ్లు. ఆపైన కాస్టిక్ సోడాతో ఒళ్లు తోముడు. అన్నీ అయ్యాక 20 శాతం ఆల్కహాల్‌లో నిద్ర. (మాకు ఆ భాగ్యం లేదు.) ఒక్కో మెట్టుకీ తమరి కడుపు పట్టేదానికి కొన్ని రెట్ల ద్రవం కావాలి. అదీ మామూలు నీళ్లతో చేస్తే కుదరదు, ఇంజెక్షన్‌కు పనికొచ్చేంత శుద్ధమైనవి కావాలి. యూరప్ ఫార్మాకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) 2017 దాకా ఇంజెక్షన్ నీళ్లంటే మరిగించి, ఆవిరి పట్టి, చల్లార్చినవే అనేది. ఆ తర్వాత రివర్స్ ఆస్మాసిస్ లాంటి పద్ధతులనూ ఒప్పుకుంది. నీళ్లే పద్ధతి మార్చుకున్నాయి, తమరే కదలరు.

పుట్టినప్పుడు ఇంత డాబు లేదు కదా. 1900ల తొలినాళ్లలో మిఖాయిల్ త్స్వెత్ అనే వృక్షశాస్త్రవేత్త సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ఆకు రంగులను విడదీశారు. సుద్దపొడి!

అసలు బాధ ఇక్కడుంది. తమరి పూసల్లోని రంధ్రాలు ఎక్కువగా ప్రోటీన్ల కొలతకు చేసినవి. ఫ్లూ వైరస్ దాదాపు 100 నానోమీటర్లు. పాపం, చాలా పూసల్లో అది లోపలికే దూరలేదు, గుమ్మం బయటే వేలాడుతుంది. ఇంట్లో వంద గదులున్నా అతిథి అరుగు మీదే పడుకున్నట్టు. లోపలి గదులన్నిటికీ డబ్బు మేమే కట్టాం, రోజూ కడిగేదీ మేమే.

తమరి బంధువుల్లో మెంబ్రేన్లు (రంధ్రాలున్న పలుచటి పొరలు), మోనోలిత్‌లు (పూసల బదులు రంధ్రాలున్న ఒకే దిమ్మ) కాస్త నయం. వాటిలో పెద్ద దారులుంటాయి, వైరస్ హాయిగా నడుస్తుంది. అసలు పూసలే అక్కర్లేని దారులూ ఉన్నాయి. నీళ్లలో పాలిమర్, ఉప్పు కలిపితే రెండు పొరలుగా విడిపోతాయి. వైరస్ ఒక పొరలోకి, చెత్తలో చాలా భాగం ఇంకో పొరలోకి పోయేలా కుదుర్చుకోవచ్చు. ఆ పాలిమర్‌ను మళ్లీ తీసెయ్యాలి, అదో తలనొప్పి. మానిటాల్ అనే తీపి పదార్థం, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం లాంటివి కలిపి వైరస్‌లను గుంపుకట్టించి ఫిల్టర్‌తో పట్టే ప్రయోగాలూ జరిగాయి.

కడుగుడు తప్పుతుందని స్టీలు ట్యాంకులకు బదులు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు తెచ్చుకున్నాం. నీళ్లూ ఆవిరీ తగ్గాయి, ప్లాస్టిక్ గుట్ట పెరిగింది. ఏది ఎక్కువ పాపమో తేల్చాలంటే ఫ్యాక్టరీ కరెంటు దేనితో తయారవుతుందో కూడా చూడాలి.

ఇన్ని ఉన్నా తమరి పదవికి ఢోకా లేదు. ఒకసారి అనుమతి వచ్చిన వ్యాక్సిన్‌కు శుద్ధి పద్ధతి మారిస్తే, పాతదీ కొత్తదీ ఒకటేనని మళ్లీ నిరూపించాలి. ఆ కాగితాల టెన్షన్ తల్చుకునే సగంమంది తమరికి దణ్ణం పెట్టి ఊరుకుంటారు. నేను కొత్త వ్యాక్సిన్ల వాళ్ల చెవిన వేస్తున్నాను, మొదటి రోజే తమరిని పిలవొద్దని.

ఇంకా రాద్దును గానీ, తమరి కాస్టిక్ స్నానం వేళయింది.

ఇట్లు,
తమరి బఫర్ల పనివాడు